తీసేసిన వాల్వు

చిత్తూరు గిరింపేటలో రేడియేటర్ సలావుద్దీన్ షాపు ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళే కాదు, పాలు పోసే ఆవిడ కూడా చూపిస్తుంది. నిన్నమొన్నటి దాకా ఈ మాట ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఎందుకు సిగ్గో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. రాయడం నా పని కాదు, టంకం పెట్టడం నా పని. అతుకులు సరిగ్గా లేకపోతే సర్దుకోండి.

ఈ పని మా నాయన గౌస్ మొహిద్దీన్ దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయి పదేళ్ళయింది. కారే రేడియేటర్‌ను నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి కొట్టి, బుడగ ఎక్కడ లేస్తే అక్కడ టంకం పెట్టడం, అదీ మా విద్య. ఆయన కాలంలో బెంగుళూరు పోయే లారీలు మా షాపు ముందు వరసకట్టి నిలబడేవి. ఇప్పుడన్నీ అల్యూమినియం, ప్లాస్టిక్. పాడైతే పీకి పారేసి కొత్తది బిగించుకుంటున్నారు. అందుకే రాగి, ఇత్తడితో చేసిన పాత రేడియేటర్ ఏదైనా లోపలికి వస్తే నాకు పండగ వచ్చినట్టే.

మొన్న ఫిబ్రవరిలో అలాంటి పండగే వచ్చింది. నగరిలో మరమగ్గాలు నడిపే రంగనాథం తన తండ్రి నాటి మెటాడోర్ వ్యాన్‌ను తీసుకొచ్చాడు. ముప్పై ఏడేళ్ళ బండి. వాళ్ళ నాయన దాంట్లో లుంగీల మూటలు వేసుకుని బెంగుళూరు తిరిగేవాడు. ఆయన పోయాక ఎనిమిదేళ్ళు షెడ్డులో పడి ఉంది. రంగనాథం కూతురు నందిత తిరుపతిలో చదువు ముగించుకుని వచ్చి, ఆ బండికి మళ్ళీ ప్రాణం పోయాలని పట్టుబట్టింది. బెంగుళూరులో జరిగే బట్టల ప్రదర్శనలో ఆ వ్యాన్‌నే అంగడిగా పెట్టి, నగరి నేత బట్టలు అమ్ముతుందట. ఇంజను బాగు చేయించారు, పచ్చ రంగు వేయించారు, పక్కన నాయనమ్మ పేరుతో ‘పెంచలమ్మ టెక్స్‌టైల్స్’ అని పాతకాలం అక్షరాలు రాయించారు. అంతా బాగుంది. కానీ బండి ఉడుకుతోంది. నగరి నుంచి పుత్తూరు పోయే చదును రోడ్డు మీదే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది.

“భాయ్, బెంగుళూరు పోవాలంటే మొగిలి ఘాట్ ఎక్కాల. ఆడ ఆవిరి కక్కుకుంటా నిలబడిందంటే నా బిడ్డ మొకం ఎత్తుకోలేదు. కూలింగ్ అంతా కొత్తగా సెయ్యి. ఏమేం మార్చాల్నో నీ ఇష్టం” అన్నాడు రంగనాథం.

బండి తోలుకొచ్చింది మురుగేష్. అరవై మూడేళ్ళ మనిషి, సన్నగా, నుదుటిమీద విభూతి. ఆ వ్యాన్ కొన్న నాటి నుంచి ఆయనే డ్రైవర్. షెడ్డులో పడి ఉన్న ఎనిమిదేళ్ళూ ప్రతి ఆదివారం పోయి ఇంజను ఒకసారి తిప్పి, చక్రాలు ఇరుక్కుపోకుండా ముందుకీ వెనక్కీ నెట్టి వచ్చేవాడట. మెటాడోర్‌లో ఇంజను రెండు సీట్ల మధ్యలో, ఒక రేకు పెట్టె కింద ఉంటుంది. ఆ వేడికి డ్రైవర్ ఎడమ కాలు కాలిపోతుంది. దాని మీద పరుచుకోవడానికి ఆయన దగ్గర ఒక గోనెపట్ట ఉండేది, చక్కగా అంచులు కుట్టి పెట్టుకున్నాడు. మా నాయన ఉన్నప్పటి నుంచీ మా షాపుకు వచ్చేవాడు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను భాయ్ అంటాడు. ప్రతి రంజాన్‌కు నా భార్య ఉమ్మే హబీబా చేతికి ఒక కొత్త లుంగీ ఇచ్చి, సేమియా తాగి పోతాడు.

పని పది రోజులు పట్టింది. అబద్ధం చెప్పను, మంచి పనే చేశాను. రేడియేటర్ లోపల నీళ్ళు చల్లబడే గొట్టాల జాలీని కోర్ అంటాం. పాత కోర్‌లో మూడు వరసల గొట్టాలుంటే నాలుగు వరసలతో కొత్త రాగి కోర్ కట్టాను. మెత్తబడిన రబ్బరు పైపులన్నీ మార్చాను. పొంగిన నీళ్ళు రోడ్డు పాలు కాకుండా పక్కన ఒక సీసా పెట్టి మళ్ళీ లోపలికి వచ్చేట్టు చేశాను. బెల్టుతో తిరిగే పాత ఫ్యాన్ చాలదని ముందు పక్క కరెంటు ఫ్యాన్ బిగించి, స్టీరింగ్ పక్కన దానికొక స్విచ్చి పెట్టాను. ఘాట్ ఎక్కేటప్పుడు వేసుకోవాలి, చదును మీద ఆపుకోవాలి. మురుగేష్ రోజూ నగరి నుంచి బస్సులో వచ్చి, పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూసేవాడు. నేను ఏది అడిగితే అది చేతికి అందించేవాడు.

ఏడో రోజున ఇంజను తల దగ్గర మూత విప్పి థర్మోస్టాట్ బయటికి తీశాను. మేం దాన్ని వాల్వు అనే అంటాం. ఇంజను చల్లగా ఉన్నంతసేపు నీళ్ళను రేడియేటర్ వైపు పోనీయకుండా ఆపి, వేడెక్కాక తెరుచుకునే చిన్న ఇత్తడి సామాను అది. మా షాపులోకి వచ్చిన ఏ బండికైనా మా నాయన మొదట చేసే పని దాన్ని పీకేయడం. మన ఎండలకు ఇంజను వేడెక్కడానికి ఒకరి సాయం కావాలా అని ఆయన వాదన. చిత్తూరులోనే కాదు, ఈ ఎండ ఊళ్ళలో పాతకాలపు మేస్త్రీలందరిదీ అదే అలవాటు. తీసినవన్నీ వేసే బిస్కెట్ల డబ్బా ఒకటి షాపులో ఉంది. ఇదీ దాంట్లో వేశాను.

మురుగేష్ స్టూలు మీద నుంచి లేచాడు. “భాయ్, దాన్ని మళ్ళా పెడతావు గదా?”

“పెట్టనన్నా. సలి దేశాల బండ్లకు కావాల అది. మన బండ్లకు ఎందుకు?”

“మిగతా బండ్ల సంగతి నాకు తెలీదు. ఈ బండికి అది ఉండాల. తొంభై ఎనిమిదిలో వేలూరులో ఒకాయన తీసి పారేసినాడు. ఆంబూరు సేరేలోపల ఉడికిపోయింది. కొత్తది తెచ్చి పెట్టినాంకనే సల్లబడింది.”

నాకు ఎక్కడో కాలింది. ముప్పై మూడేళ్ళు చేతులు కాల్చుకున్న నాకు, స్టీరింగ్ తిప్పే మనిషి వేలూరు మేస్త్రీ ముచ్చట చెప్తాడా? “మా నాయన సేతుల మీద వెయ్యి వాల్వులు తీసుంటాడన్నా. ఒక్క బండన్నా ఉడికి ఎనక్కి వచ్చిందేమో అడుగు. నువ్వు స్టీరింగ్ సూసుకో, రేడియేటర్ నేను సూసుకుంటా” అన్నాను. ఆయన మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ వాల్వును ఒక్క నిమిషం తిప్పి చూసి ఉంటే సరిపోయేది. మామూలు వాల్వులకు లేని రేకు బిళ్ళ ఒకటి దాని అడుగున ఉంది. నేను చూశాను కూడా. చూసి డబ్బాలో వేశాను. కళ్ళు నెత్తికెక్కినప్పుడు ఎదురుగా ఉన్నది కనపడదు.

పని అయ్యాక ఒక గురువారం పొద్దున ముగ్గురం బండి పరీక్ష చేయడానికి బయల్దేరాం. మురుగేష్ స్టీరింగ్ దగ్గర, రంగనాథం కిటికీ పక్క సీటులో, నేను ఇద్దరి మధ్య ఇంజను పెట్టె వెనకాల ఒక మూట మీద. బరువు ఉండాలని వెనక బట్టల మూటలు నింపాం. బంగారుపాళెం దాకా ముల్లు మధ్యలోనే ఉంది. రంగనాథం నా వైపు తిరిగి నవ్వాడు, నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను. మొగిలి దాటి ఎత్తు మొదలవగానే మురుగేష్ స్విచ్చి వేశాడు. ఫ్యాన్ గుంయ్‌మని లేచింది. ఆ శబ్దం నాకు చాలా ఇష్టంగా అనిపించింది. నేను బిగించిన ఫ్యాన్ కదా. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ దాన్నే వింటూ కూర్చున్నాను. ఈ మాట మీరు గుర్తు పెట్టుకోవాలి, నేను విన్నాను.

సగం ఘాట్‌లో ముల్లు కదిలింది. రెండు మలుపులు తిరిగేసరికి ఎర్రగీత దాటింది. రేకు పెట్టె కింద నుంచి కాలిన వాసన, తర్వాత ఆవిరి. మురుగేష్ బండిని పక్కకు తీసి ఆపాడు. తాళం తిప్పాడు. బండి ఆపితే బ్యాటరీ మీద నడిచే ప్రతి సామానూ ఆపేయడం ఆయన పాత అలవాటు. చెయ్యి తనంతట తానే పోయి ఫ్యాన్ స్విచ్చి కూడా ఆపేసింది.

నేను దూకి ముందుకు పోయాను. ఇంజను కుతకుతలాడుతోంది. చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ అడుగున ముట్టుకున్నాను. చల్లగా ఉంది. గుడ్డ తీసి అరచెయ్యి పెట్టాను, అయినా చల్లగానే ఉంది. పైన గోరువెచ్చగా ఉంది. ఇంజనులో నీళ్ళు మరిగిపోతుంటే రేడియేటర్ చల్లగా ఉందంటే ఒకటే అర్థం, నీళ్ళు రేడియేటర్‌లోకి రావడం లేదు. ఆ రేకు బిళ్ళ ఎందుకుందో అప్పుడు తలకెక్కింది. ఈ ఇంజనులో నీళ్ళు పోవడానికి ఇంకొక పక్కదారి ఉంది. వాల్వు తెరుచుకున్నప్పుడు ఆ బిళ్ళ పోయి పక్కదారిని మూస్తుంది. వాల్వే లేకపోతే పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్ళు ఇంజనులోనే గిరగిరా తిరిగి అక్కడే ఉడుకుతాయి. నేను కట్టిన నాలుగు వరసల కోర్ దగ్గరికి రావాల్సిన పనే వాటికి లేదు.

మురుగేష్ చెప్పింది ఇదే.

“ఏమైంది భాయ్?” అంటూ రంగనాథం దిగాడు. ముఖం పాలిపోయి ఉంది.

వాల్వు నేనే తీశానన్నా, తప్పు నాది, అనాలి. అంతే, ఇంకేం లేదు. నోరు తెరిచాను కూడా. బయటికి వచ్చిన మాట వేరే. “ఫ్యాన్ తిరగలేదేమో సూడన్నా.”

రంగనాథం లోపలికి తల పెట్టి చూశాడు. “స్విచ్చి ఆఫ్‌లో ఉండాదే!”

“ఇప్పుడే ఆపినానయ్యా, బండి నిలిపినాంక ఆపినా. ఎక్కేటప్పుడు ఏసే ఉండింది” అన్నాడు మురుగేష్.

రంగనాథం నా వైపు తిరిగాడు. “నువ్వు ఎనకనే ఉంటివి గదా భాయ్. ఫ్యాన్ శబ్దం ఇన్నావా?”

“ఈ ఇంజను మోతలో ఏం ఇనపడుతుందన్నా” అన్నాను.

అదీ నేను చేసిన పని. వాల్వు తీయడం పొరపాటు. మా నాయన చేశాడు, నేనూ చేశాను, పొరపాటుకు సిగ్గుపడి సర్దుకోవచ్చు. ఈ మాట మాత్రం పొరపాటు కాదు. తెలిసి, ఆలోచించి, ఒక మనిషి మెడ మీద పెట్టిన మాట.

రంగనాథం రోడ్డు మీదే అరవడం మొదలుపెట్టాడు. “స్విచ్చి ఏసేది గూడా మరిచిపోతే ఎట్లప్పా? ఆయన అన్ని దినాలు కష్టపడి సేసింది ఎందుకు? వయసైపోయింది నీకు. కండ్లు ఆనవు, సెప్పింది గుర్తుండదు. నా బిడ్డను ఈ బండ్లో నీ సేతికిచ్చి బెంగుళూరు పంపించాలనుకుంటినే!” మోటార్‌సైకిళ్ళ మీద పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. రంగనాథం చెయ్యి చాచాడు, మురుగేష్ తాళాలు ఆ చేతిలో పెట్టాడు.

మా లైనులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసి పెట్టింది కాదు గానీ అందరూ పాటిస్తారు. ముదలాళి, అంటే బండి సొంతదారు ముందర డ్రైవర్ మేస్త్రీ తప్పు ఎత్తడు, మేస్త్రీ డ్రైవర్ తప్పు ఎత్తడు. ఇద్దరూ పక్కకు పోయి టీ తాగుతూ తేల్చుకుంటారు. ముదలాళికి మాత్రం పార్టు పోయిందని చెప్తారు. ఆ రోజు మురుగేష్ వాల్వు మాట ఎత్తి ఉండొచ్చు. వద్దని చెప్పినా విన్లేదని రంగనాథానికి ఒక్క మాట చెప్పి ఉంటే నా బతుకు అక్కడే తేలిపోయేది. ఆయన ఎత్తలేదు. నా వైపు ఒకసారి చూశాడు. లోపలికి పోయి ఇంజను పెట్టె మీది గోనెపట్ట తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. చిత్తూరు పోయే బస్సు వస్తే చెయ్యెత్తి ఎక్కిపోయాడు. నా విషయంలో ఆయన కట్టుబాటు నిలబెట్టుకున్నాడు, ఆయన విషయంలో నేను తెంచేశాను.

బండిని కట్టి లాక్కొచ్చాం. ఇంజను తల కింద గ్యాస్కెట్ కాలిపోయింది. దాన్ని మార్చాను. షాపులో ఎవరూ లేనప్పుడు బిస్కెట్ల డబ్బా బోర్లించి ఆ వాల్వును వెతికి, తుడిచి, ఎక్కడ తీశానో అక్కడే పెట్టాను. దొంగతనం చేసిన సొత్తును తిరిగి ఇంట్లో పెడుతున్నట్టే ఉంది. రంగనాథం పెట్టుకున్న కొత్త డ్రైవర్ గిరిని వెంటబెట్టుకుని మళ్ళీ ఘాట్ ఎక్కించాను. పలమనేరు దాకా ముల్లు మధ్యగీత వదల్లేదు. బండి ఎంత బాగా ఎక్కితే నాకు అంత బాధగా ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆడిన అబద్ధానికి నేనే కాపలా కాయడం మొదలుపెట్టాను. చేత్తో వేసే స్విచ్చి పీకేసి, వేడెక్కితే తనంతట తానే తిరిగేట్టు ఫ్యాన్‌కు ఇంకొక స్విచ్చి పెట్టాను. “ఇంక డ్రైవర్ మరిచిపోయినా బండి మరిచిపోదన్నా” అని రంగనాథానికి చెప్పాను. ఆయన మురిసిపోయాడు. చెప్పిన నాకే అసహ్యం వేసింది, కానీ చెప్పాను. నగరి దాకా ఆ మాట పాకింది. పుత్తూరు నుంచి ఒకాయన పాత జీపు పంపిస్తానని ఫోన్ చేశాడు.

ఇంట్లో ఉమ్మే హబీబా ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. “మురుగేష్ భాయ్‌ని తీసేసినారంట గదా. అంత జాగ్రత్త మనిషి స్విచ్చి మరిచిపోయినాడా?”

“మనిషన్నాక మరిచిపోడా? వయసైపోయింది” అన్నాను.

“మన ఇంటికి వస్తే సెప్పులు గూడా వరసగా పెట్టిపోతాడు ఆయన.”

“నీకేం తెలుసు బండ్ల గురించి!” అని అరిచాను. అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆమె నన్ను కొత్తగా చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో అన్నం దగ్గర నేను గొంతెత్తింది లేదు. షాపుకు వచ్చి కూర్చున్నాను. ఫోన్‌లో మురుగేష్ నంబరు తీశాను, చూసి పెట్టేశాను. రోజూ అదే పని. ఏమని చెప్పాలో మాటలన్నీ వరసగా పేర్చుకునేవాణ్ణి. వేలు పచ్చ గుర్తు దగ్గరికి పోగానే ఏదో ఒక గిరాకీ వచ్చినట్టనిపించి పక్కన పెట్టేవాణ్ణి. నిజానికి గిరాకీ ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

బెంగుళూరు ప్రయాణం ఆదివారం పెట్టుకున్నారు. పూజకు తప్పకుండా రావాలని నందిత స్వయంగా ఫోన్ చేసింది. పోకూడదనుకుంటూనే పోయాను. వాళ్ళ గోడౌన్ ముందు వ్యాన్ నిగనిగలాడుతూ నిలబడి ఉంది. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు అద్దానికి బంతిపూల దండ. మగ్గాల వాళ్ళు, వీధిలోవాళ్ళు కలిసి నలభై యాభై మంది ఉన్నారు. స్టీరింగ్ దగ్గర గిరి కొత్త ఖాకీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పూజారి కర్పూరం వెలిగించి టెంకాయ కొట్టాడు. నేను జనం వెనకాల నిలబడ్డాను. రంగనాథం వచ్చి చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కుపోయాడు.

“ఈయన్ను సన్మానించుకోకుండా బండి కదలదు” అన్నాడు. వాళ్ళ మగ్గం మీద నేసిన శాలువా, ఎర్ర అంచు, నా భుజాల చుట్టూ కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నందిత చేతిలో మైకు ఉంది. పాపం, మంచి పిల్ల, మనస్ఫూర్తిగా మాట్లాడింది. “ఘాట్‌లో డ్రైవర్ పొరపాటు వల్ల ఇంజన్ పోయేది. సలావుద్దీన్ అంకుల్ లేకపోతే ఈ పొద్దు మేము బయల్దేరేవాళ్ళమే కాదు” అంది. జనంలో ఎవరో “మురుగేష్‌కి కండ్లు పోయినాయి లేమ్మా” అన్నారు. నలుగురు నవ్వారు.

ఆ నవ్వు విన్నాక ఇంక నిలబడలేకపోయాను. ధైర్యం వచ్చి కాదు, భరించలేక. శాలువా కింద ఒళ్ళంతా చెమట పట్టింది. “పాపా, ఆ మాట తప్పు” అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను, ఈసారి మైకులో పడింది. “తప్పు డ్రైవర్‌ది గాదు, నాది. ఇంజన్లో ఉండాల్సిన వాల్వు నేను తీసేసినా. తీయద్దని మురుగేషన్న సెప్పినాడు, నేను ఇన్లేదు. దానివల్లనే ఉడికింది. ఫ్యాన్ ఏసే ఉండింది. ఘాట్ ఎక్కినంతసేపు తిరగతానే ఉండింది. ఆ శబ్దం నేను ఇన్నాను. ఇనలేదని అబద్ధం సెప్పినా.”

నందిత మైకు కిందికి దించింది. రంగనాథం నన్ను తిడతాడనుకున్నాను. కొడతాడేమో, కొడితే కొట్టనీ అనుకున్నాను. ఆయన నన్ను కాదు, నేల చూస్తున్నాడు. “నడిరోడ్డు మీద నా సేత ఆయన్ను అట్ల తిట్టించినావే భాయ్” అన్నాడు చాలా మెల్లగా. “మా నాయన గూడా ఆయన్ను ఏరా అని పిలిసి ఎరగడు.”

నేను శాలువా తీసి మడిచి వ్యాన్ సీటు మీద పెట్టాను. రంగనాథం గిరి దగ్గర తాళాలు తీసుకున్నాడు. “నడువు” అని నాతో అన్నాడు. మురుగేష్ ఇల్లు రెండు వీధుల అవతల. వెనకాల కొంత జనం కూడా వచ్చారు. నాకు తల ఎత్తాలనిపించలేదు, ముందు పోతున్న రంగనాథం చెప్పులే చూస్తూ నడిచాను.

మురుగేష్ భార్య దేవకమ్మ వాకిట్లో కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుడుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు, చక్రం మాత్రం ఆపింది. మురుగేష్ బనియన్ మీద బయటికి వచ్చాడు. పద్దెనిమిది రోజుల్లో గడ్డం తెల్లగా పెరిగింది. రంగనాథం జరిగింది చెప్పి, చేతులు జోడించాడు. “నోరు జారినానప్పా. ఆ పొద్దు నిన్ను అడగాల్సిన మాట అడగకుండా తిట్టేసినా. బండి నువ్వే తోలాల. నువ్వు కాదంటే నా బిడ్డను పంపను.”

మురుగేష్ “బండి యాడుండాది?” అని అడిగాడు.

“గోడౌన్ ముందర.”

“వాల్వు ఉండాదా దాంట్లో?”

రంగనాథం నా వైపు చూశాడు. “ఉండాదన్నా. నేనే మళ్ళా పెట్టినా” అన్నాను.

“తెచ్చి ఈడ నిలబెట్టమనండి. సొక్కా ఏసుకుని వస్తా” అని మురుగేష్ లోపలికి తిరిగాడు. రంగనాథం వ్యాన్ తీసుకురావడానికి తానే గబగబా వెళ్ళాడు, జనం ఆయన వెంట వెళ్ళారు. దేవకమ్మ మళ్ళీ చక్రం తిప్పుకోవడం మొదలుపెట్టింది. వాకిట్లో నేనొక్కణ్ణే మిగిలాను.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు, చంకలో గోనెపట్ట ఉంది. కాళ్ళు పట్టుకుందామని వంగాను. “వద్దు భాయ్” అని రెండడుగులు వెనక్కి పోయాడు. కోపంగా కాదు, ఎవరో తెలియని మనిషి మీద పడితే తప్పుకున్నట్టు.

“అన్నా, ఘాట్‌లోనే ముదలాళికి సెప్పుండచ్చు గదా” అన్నాను. “నేను సచ్చినా కాదనేవాణ్ణి గాదు.”

“అంటావు. ఆ పొద్దు కాదనే ఉందువు” అన్నాడు. గోనెపట్ట విప్పి, దులిపి, మళ్ళీ మడిచాడు. “సరే, అది పోనీ. నువ్వు గౌస్ భాయ్ కొడుకువి. ఇంటికి పోయినాంక మనసు కలుక్కుమంటుంది, ఫోన్ సేస్తావు, లేకుంటే ముదలాళికే పోయి సెప్తావు అనుకున్నా. నాలుగు దినాలు ఫోను పక్కన పెట్టుకుని సూసినా. స్నానానికి పోతే గూడా దేవకమ్మ సేతికిచ్చి పోయినా. ఐదో దినం నుంచి సూసేది మానుకున్నా.”

వీధి మొదట్లో మెటాడోర్ హారన్ వినిపించింది. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి బండెక్కాడు.

నేను ఆ ఇంటికి వెళ్ళింది పద్దెనిమిదో రోజు.